పులి చేసినదా, మనిషి చేసినదా? — ‘అన్వేషణ’ చలనచిత్రమును గూర్చి

(నెల్లూరు సముద్రతీర గ్రామముల పంచాయతీ సభ్యుల సమావేశములో ఒక ప్రచారాధికారి చేసిన ప్రసంగ పాఠము)



పంచాయతీ సభ్యులకు చలనచిత్రమును గూర్చి ఉపన్యాసమేల యని మీలో కొందరు తలపవచ్చును. మంచినీటి కుళాయిలు, మురుగు కాలువలు, వీధి దీపములు, తుపాను వేళ రక్షణ ఏర్పాటులు, ఇవి కదా మన పనులు. సినిమాతో మనకేమి పని యని అడుగవచ్చును. ఆ ప్రశ్న సమంజసమైనదే. కాని వెనుకటి దినములలో మా శాఖ వాహనము గ్రామమునకు వచ్చి, బడి ఆవరణలో తెర కట్టి బొమ్మ చూపినప్పుడు, ఊరంతయు చాపలు పరచుకొని కూర్చుండెడిది. పది ఉపన్యాసములు చెప్పలేని విషయమును ఆ తెర ఒక రాత్రిలో చెప్పెడిది. నేడు ప్రతి చేతిలోను ఫోను కలదు. ప్రతి ఇంటను టెలివిజను కలదు. చూచుటకు కొరత లేదు. ఏమి చూడవలెను, చూచినదానినుండి ఏమి గ్రహింపవలెను అను వివేచనకే కొరత యేర్పడినది. అందుచేత నేడు ఒక్క చిత్రమును మాత్రము తీసికొని, దానిలోని నటులను, సాంకేతిక నిపుణులను, దాని గుణములను మీ ముందుంచి, అది పంచాయతీ సభ్యునకు ఎట్లు పనికివచ్చునో కూడ మనవి చేయదలచినాను.

ఆ చిత్రము పేరు ‘అన్వేషణ’. 1985వ సంవత్సరమున విడుదలయైనది. దర్శకుడు శ్రీ వంశీ. ఇందలి పాటలు నేటికిని పెండ్లి పందిళ్లలోను, బస్సులలోను వినబడుచునే యున్నవి. పాటలను మెచ్చుకొనువారు పెక్కుమంది. చిత్రమును చిత్రముగా మెచ్చుకొనువారు తక్కువ. తెలుగులో గొప్ప చిత్రములేవి యని అడిగినచో పౌరాణికములను, కుటుంబ గాథలను చెప్పుదురు. అపరాధ పరిశోధన చిత్రముల పేర్లు ఎవ్వరును ఎత్తరు. అది కాలక్షేపపు సరుకు అని ఒక చిన్నచూపు మనలో పాతుకొనిపోయినది. ఆ చిన్నచూపు ఈ చిత్రము విషయమున న్యాయము కాదని నా అభిప్రాయము.

కథ

కథ అంతయు ఒక అడవిలో జరుగును. హేమ యను యువతి సంగీతము నేర్చినది. సప్తస్వరములు పశుపక్ష్యాదుల కూతలనుండియే పుట్టినవని నిరూపింపవలెనను పట్టుదల ఆమెది. అందులకై అడవికి వచ్చి, పక్షుల కూతలను, జంతువుల అరపులను శ్రద్ధతో ఆలకించుచుండును. ఆ అడవిలోనే మనుష్యులు ఒకరి తరువాత ఒకరు మరణించుచుందురు. పులి చంపుచున్నదని అందరును అనుకొందురు. అడవి యన్న తరువాత పులి యుండును, పులి యన్న తరువాత చంపును. ఇక విచారించుటకు ఏమున్నది? ఇట్టి స్థితిలో అమర్ అను యువకుడు అచ్చటికి క్రొత్తగా వచ్చును. అతడెవరో, ఎందులకు వచ్చెనో ప్రేక్షకునకు చాల సేపటి వరకు తెలియదు. అతని నడవడి చూచువారికి అనుమానము కలుగును.

ఇంతకు మించి కథను చెప్పను. దోషి యెవరో ముందుగా చెప్పుట, పొడుపుకథను విప్పి చెప్పి ఆ తరువాత పొడుచుట వంటిది. చూడనివారు చూచియే తెలిసికొనవలెను. చూచినవారు ప్రక్కవారికి చెప్పక దాచుకొనవలెను.

ఉత్కంఠ యన నేమి?

ఇట్టి చిత్రములకు ప్రాణము ఉత్కంఠ. ఉత్కంఠ వేరు, ఉలికిపాటు వేరు. ఇంగ్లాండులో పుట్టి అమెరికాలో పేరుగాంచిన దర్శకుడు ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ (1899–1980) ఈ భేదమును ఒక దృష్టాంతముతో వివరించుచుండెడివాడు. ఇద్దరు మనుష్యులు బల్ల ముందు కూర్చుండి ఊసులాడుకొనుచుండగా బల్ల క్రింద బాంబు హఠాత్తుగా ప్రేలినచో చూచువాడు ఒక్క క్షణము ఉలికిపడును. బాంబు ఉన్నదని చూచువానికి ముందుగానే తెలిసి, కూర్చున్నవారికి తెలియనిచో, వారి సామాన్యమైన ఊసులు కూడ చూచువానికి ఊపిరి సలుపనీయవు.

సముద్రతీరవాసులైన మీకు ఈ సంగతిని హిచ్‌కాక్ చెప్పనక్కరలేదు. వేటకు పోయిన పడవ చెప్పిన వేళకు తిరిగి రాలేదు. ఆకాశమున మబ్బు కమ్మినది. గట్టు మీద నిలిచిన తల్లియు, భార్యయు సముద్రము వైపు చూచుచున్నారు. ఏమియు జరుగుట లేదు. అలలు వచ్చుచున్నవి, పోవుచున్నవి. ఆ ఏమియు జరుగని వేళయే అన్నిటికంటె భారమైన వేళ. మంచి ఉత్కంఠ చిత్రము చేయు పనియు నిదియే. చంపుటను చూపుట కాదు, ఎదురుచూపును చూపుట. ‘అన్వేషణ’లో రక్తపాతముకంటె ఈ ఎదురుచూపే హెచ్చు. చెట్ల నడుమ ఒక మనిషి ఒంటిగా నడచుచున్నప్పుడు, పొదలలో ఆకు కదలినప్పుడు, పక్షుల రొద ఉన్నట్లుండి ఆగినప్పుడు మన గుండె కొట్టుకొనును. ఇది చిత్రము యొక్క మొదటి గుణము.

తెలుగువారికి ఈ రుచి క్రొత్తది కాదు. కొమ్మూరి సాంబశివరావు వ్రాసిన డిటెక్టివ్ నవలలను మన పెద్దలు అద్దెకు తెచ్చుకొని దీపపు వెలుతురులో చదివినవారే. ‘ఆమె ఎవరు?’ (1966), ‘అవే కళ్ళు’ (1967) వంటి చిత్రములు ఈ త్రోవలో వచ్చినవి. ‘అన్వేషణ’ విశేష మేమనగా, భయమును పాడుబడిన మేడలలోను, ముసుగు మనుష్యులలోను వెదకక, మన నేలపై నున్న అడవిలో, మన పక్షుల కూతలలో వెదకినది.

నటీనటులు

హేమ పాత్రను భానుప్రియ ధరించినది. ఈమె గోదావరి ప్రాంతపు బిడ్డ. నాట్యములో అందెవేసిన చేయి. ఇదే వంశీ దర్శకత్వమున 1984లో వచ్చిన ‘సితార’ ద్వారా తెలుగు తెరకు పరిచయమైనది. నర్తకి కన్నులకు మాట్లాడు శక్తి యుండును. ‘అన్వేషణ’లో ఆ కన్నులకు రెండు పనులు కలవు: వినుట, భయపడుట. వినుటను కన్నులతో చూపుట సులభము కాదు. ఒక పక్షి కూతను పోల్చుకొన్న ఆనందమును, తెలియని చప్పుడు విన్న భీతిని మాట లేకయే ఆమె చూపగలిగినది.

అమర్ పాత్రను కార్తీక్ ధరించినాడు. ఈతడు తమిళ నటుడు ముత్తురామన్ కుమారుడు. ‘సీతాకోకచిలుక’ (1981) ద్వారా తెలుగువారికి అంతకు ముందే పరిచితుడు. ఆ చిత్రములోని ముద్దు మొగము ప్రేక్షకుల మనస్సులో నిలిచియుండగనే, ఇందులో ఆ మొగమునకే అనుమానపు నీడ పట్టించిరి. నవ్వు మొగము వానిని నమ్మవలెనా, మానవలెనా యని మనము తికమక పడుదుము. నటుని ఎన్నికలోనే సగము ఉత్కంఠ సిద్ధమైనది.

శరత్ బాబు (1951–2023) శ్రీకాకుళము సీమలోని ఆమదాలవలసవాడు. కైకాల సత్యనారాయణ (1935–2022) కృష్ణా జిల్లా కౌతారము గ్రామమువాడు. ప్రతినాయకుడుగను, పెద్దమనిషిగను, హాస్యగాడుగను వందల చిత్రములలో నటించిన మేటి. రాళ్ళపల్లి (1945–2019) నాటక రంగమున ఆరితేరి, తెరకు వచ్చినవాడు. ఈ ముగ్గురును ముఖ్య పాత్రలు ధరించిరి. వీరిలో ఎవ్వరును కేవలము మంచివాడుగ గాని, కేవలము చెడ్డవాడుగ గాని కనిపింపరు. ఒక్కొక్క ఘట్టమున ఒక్కొక్కరిపై మన అనుమానము వ్రాలును. ఏ నటుడును తన గుట్టును ముందుగా మొగమున బయటపెట్టకుండుట ఇట్టి చిత్రమునకు ప్రధానము. ఆ నిగ్రహము ఇందు కలదు. శ్రీకాకుళము, కృష్ణ, గోదావరి, ఇన్ని సీమల మనుష్యులు ఒక్క అడవిలో ఒక్క కథకు ఒదిగిన తీరు ముచ్చట గొలుపును.

తెర వెనుకనున్నవారు

దర్శకుడు వంశీ తూర్పు గోదావరి సీమలోని పసలపూడి గ్రామమున జన్మించినాడు. స్వతహాగా కథకుడు, తన ఊరి మనుష్యులను గూర్చి ‘మా పసలపూడి కథలు’ వ్రాసినాడు. దర్శకుడుగా తొలి చిత్రము ‘మంచుపల్లకి’ 1982లో వచ్చినది. మూడేండ్లలోనే ‘అన్వేషణ’ తీసినాడు; అప్పటికి ముప్పది యేండ్లు నిండలేదు. గోదావరి ఒడ్డున పెరిగినవాడు కనుక స్థలమును పాత్రగా చూచు కన్ను అతనికి అలవడినది. ఈ చిత్రములో అడవి వెనుక వ్రేలాడు తెర కాదు, అదియు ఒక పాత్రయే.

ఆ అడవి మనకు దూరము కాదు. చిత్రీకరణ జరిగినది శేషాచలపు కొండలలోని తలకోనలో. అప్పుడది చిత్తూరు జిల్లాలో ఉండెడిది. 2022లో జిల్లాల పునర్విభజన జరిగిన పిదప తిరుపతి జిల్లాలో చేరినది. 270 అడుగుల ఎత్తునుండి దుమికెడు జలపాతమునకు తలకోన ప్రసిద్ధి. మీలో తిరుపతి యాత్రకు పోయినవారు ఆ జలపాతమును చూచియే యుందురు. ఆ రాళ్లను, ఆ ఊడలను, ఆ నీడలను తెరపై నిలిపినవాడు ఛాయాగ్రాహకుడు ఎం. వి. రఘు. అడవిలో వెలుగు చెట్ల సందులనుండి ముక్కలు ముక్కలుగా పడును. ఆ ముక్కల వెలుగునే అతడు వాడుకొన్నాడు. కనిపించినదానికంటె కనిపింపనిది ఎక్కువ. చూచువాడు తన ఊహతో ఆ చీకటిని పూరించుకొనును. ఈ రఘుయే తరువాత ‘కళ్ళు’ (1988) అను చిత్రమునకు దర్శకత్వము వహించినాడు.

చిత్రముల కూర్పు అనిల్ మల్నాడ్‌ది. ‘సితార’ చిత్రమునకు కూర్పరిగా జాతీయ బహుమానము పొందిన నిపుణుడాతడు. ఏ దృశ్యమును ఎంత సేపు నిలుపవలెను, ఎచ్చట తెంపవలెను అను నిర్ణయము కూర్పరిది. ఉత్కంఠ చిత్రములో ఒక్క క్షణము ముందు తెంపిన భయము పుట్టదు. ఒక్క క్షణము ఆలసించిన విసుగు పుట్టును. పడవ నడుపువాడు అల లేచిన సమయము చూచి త్రెడ్డు వేసినట్లు కూర్పరి కత్తెర వేయవలెను.

సంగీతము ఇళయరాజాది. పాటలు వేటూరి సుందరరామమూర్తి (1936–2010) వ్రాసినాడు. పాడినవారు ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యము, ఎస్. జానకి. బాలసుబ్రహ్మణ్యముగారు (1946–2020) నెల్లూరుతో పెనవేసికొన్న మనిషి యని మీకు చెప్పనక్కరలేదు. నెల్లూరులోని తమ పూర్వపు ఇంటిని వేదపాఠశాల నిమిత్తమై 2020లో కంచి పీఠమునకు సమర్పించిరి. ఆ యేటనే సెప్టెంబరు 25వ తేదీన పరమపదించిరి. ఈ చిత్రములో కీరవాణి రాగమున కట్టిన యుగళగీతము వారిరువురి కంఠములలో చిరస్థాయిగా నిలిచినది. కాని పాటలకంటె గొప్పది ఇందలి నేపథ్య సంగీతమని నేను భావింతును. ఇళయరాజా ఎప్పుడు వాద్యములను మ్రోగింపవలెనో యెరిగినట్లే, ఎప్పుడు మౌనము వహింపవలెనో యెరుగును. అడవిలో మౌనమునకు మించిన భయంకర వాద్యము లేదు.

చెవి గల చిత్రము

ఈ చిత్రమునకు ఇంకొక విశిష్ట గుణము కలదు. చలనచిత్రములు కంటికి సంబంధించినవని యందుము. ఇది చెవికి సంబంధించినది. మన సంగీత శాస్త్రమున సప్తస్వరములకు ఏడు ప్రాణుల ధ్వనులను చెప్పుదురు: షడ్జమునకు నెమలి, ఋషభమునకు ఎద్దు, గాంధారమునకు మేక, మధ్యమమునకు క్రౌంచ పక్షి, పంచమమునకు కోయిల, ధైవతమునకు గుర్రము, నిషాదమునకు ఏనుగు. ఈ ప్రాచీన భావమునే కథానాయిక పరిశోధించుచున్నది. అనగా ఒకే అడవిలో రెండు అన్వేషణలు జరుగుచున్నవి. ఒకటి స్వరముల పుట్టుకకై, రెండవది మరణముల కారణమునకై. రెంటికిని కావలసిన గుణ మొక్కటే: చెవి యొగ్గి ఓపికతో వినుట. సంగీతమును, నేరపరిశోధనను ఇట్లు ఒక్క త్రాట పేనుట ఎంత చక్కని ఊహ! ఇందుచేతనే ఈ చిత్రములో పాటలు అతికించినట్లుగాక, కథలోనుండి మొలచినట్లుండును.

పక్షుల సంగతి వచ్చినది గనుక ఒక మాట. మన తీరమున దొరవారిసత్రమునకు చేరువనున్న నేలపట్టు 1976లో పక్షుల సంరక్షణ కేంద్రముగా ప్రకటింపబడినది. గూడబాతులు అచ్చటి చెరువులోని కడప చెట్లపై గూళ్లు కట్టుకొని పిల్లలను పెంచుకొనును. ఆ పక్షులు వచ్చినచో ఊరికి మేలని గ్రామస్థుల నమ్మకము. వాని రెట్ట కలిసిన చెరువు నీరు పైరుకు బలమని రైతుల అనుభవము. చెవి యొగ్గు అలవాటు మన తీరవాసులకు అనాదిగా ఉన్నదనుటకు ఇది తార్కాణము. గాలి మారినదని అల చప్పుడును బట్టి చెప్పు పెద్దలు మీ పల్లెలలో నేటికిని ఉన్నారు.

పంచాయతీ సభ్యుడు గ్రహింపవలసినది

ఇక అసలు సంగతికి వచ్చుచున్నాను. ఈ చిత్రములో అన్నిటికంటె భయంకరమైనది పులి కాదు, ఒక మాట. ‘పులి చంపినది’ అను మాట. ఆ మాట అందరికిని అనుకూలముగా ఉన్నది. దానిని నమ్మినచో ఎవ్వరిని ప్రశ్నింప నక్కరలేదు, ఎవ్వరితోను వైరము తెచ్చుకొన నక్కరలేదు. పులిని న్యాయస్థానమునకు ఈడ్వలేము గదా! సిద్ధముగా నున్న సమాధానమే నేరస్థునకు మొదటి దాగుడుచోటు. ఒక్కడు ఆ సమాధానమును అంగీకరింపక, ‘నిజముగా పులియేనా?’ యని అడిగిన క్షణమున కథ ఆరంభమగును. చిత్రమునకు ‘అన్వేషణ’ యని పేరు పెట్టుటలోని సార్థక్య మిదియే.

మన పల్లెలలో పులి లేదు. కాని సిద్ధముగా నున్న సమాధానములు లేవా? గట్టునకు శవము కొట్టుకొని వచ్చినచో ‘సముద్రము తీసికొన్నది’ అందుము. రొయ్యల గుంట వద్ద కావలివాడు చనిపోయినచో ‘కరెంటు కొట్టినది’ అందుము. కోడలు మరణించినచో ‘కడుపునొప్పి తాళలేకపోయినది’ అందుము. పొలము గట్టున పడియున్నవానికి ‘పాము కరచినది’ అందుము. పెక్కు సందర్భములలో ఆ మాటలు నిజమే కావచ్చును. సముద్రము తీసికొన్నవారు ఎందరో కలరు. వారి కుటుంబముల దుఃఖము మనకు తెలియును. కాని పదింట ఒక్కటి నిజము కానిచో, ఆ ఒక్క ప్రాణమునకు సాక్షి యెవరు?

సభ్యులారా, ఇచ్చట చట్టము మీ పేరు పిలుచుచున్నది. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనున్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 34వ సెక్షను ప్రకారము, గ్రామ వ్యవహారములతో సంబంధము గల అధికారికి కొన్ని సంగతులను వెంటనే దగ్గరనున్న మేజిస్ట్రేటునకు గాని, పోలీసు స్టేషను అధికారికి గాని తెలుపు బాధ్యత కలదు. ఊరిలో గాని ఊరి సమీపమున గాని సంభవించిన ఆకస్మిక మరణము, అసహజ మరణము, అనుమానాస్పద మరణము ఆ సంగతులలో చేరినవి. గ్రామ వ్యవహారములతో సంబంధము గల అధికారి యనగా గ్రామ పంచాయతీ సభ్యుడు కూడ నని ఆ సెక్షనే చెప్పుచున్నది. పూర్వపు 1973 నాటి స్మృతిలోని 40వ సెక్షనులోను ఈ నియమము ఉండెడిది. కావున ‘అది పోలీసుల పని, నాకేల’ యనుటకు మనకు వీలులేదు.

ఇంకొకటి. శవ పంచనామా సమయమున పోలీసు అధికారి ఇరుగుపొరుగున నివసించు గౌరవనీయులను ఇద్దరిని గాని, అంతకు మించి గాని పిలిచి, వారి యెదుట విచారణ జరిపి, శరీరముపై నున్న గాయములను, కమిలిన గుర్తులను, విరిగిన ఎముకలను, అవి దేనివలన కలిగినట్లు కనబడుచున్నవో వ్రాయవలెను. దీనిని అదే సంహితలోని 194వ సెక్షను చెప్పుచున్నది. ఆ గౌరవనీయులుగా పిలువబడువారు సాధారణముగా మీరే. ఆ నివేదికపై అంగీకరించినవారు సంతకము చేయవలెనని చట్టము. ‘అంగీకరించినవారు’ అను మాటను గమనింపుడు. చదువక, చూడక, దూరమున నిలిచి ముక్కునకు గుడ్డ అడ్డము పెట్టుకొని సంతకము చేసి పోవుట ఈ చట్టము కోరినది కాదు. వివాహమైన ఏడేండ్లలోపల స్త్రీ ఆత్మహత్య చేసికొన్నను, అనుమానాస్పదముగా మరణించినను శవమును వైద్య పరీక్షకు పంపవలెనని కూడ ఆ సెక్షను విధించుచున్నది. ‘పరువు పోవును, త్వరగా దహనము చేయుదము’ అని పెద్దమనుష్యులు తొందరపెట్టినప్పుడు, ఆ తొందరను ఆపగల మనిషి పంచాయతీ సభ్యుడే.

ఇది నాణెమునకు ఒక ముఖము. రెండవ ముఖమును కూడ చిత్రము చూపుచున్నది. పులిని నమ్ముట ఎంత తప్పో, క్రొత్తవానిని వెంటనే దోషి యనుకొనుటయు అంత తప్పు. అమర్ ఊరు, పేరు తెలియని మనిషి. కనుక మన అనుమానము మొదట అతనిపైననే పరుగెత్తును. దర్శకుడు మనచేత ఆ తొందరపాటు చేయించి, మనలను చూచి మనమే సిగ్గుపడునట్లు చేయును. ఇది తెరపై వినోదము, ఊరిలో విషాదము. 2018 మే నెలలో పిల్లలను ఎత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవని తెలుగు రాష్ట్రములలో ఫోనుల ద్వారా వదంతులు వ్యాపించినప్పుడు ఊరూర అపరిచితులు దెబ్బలు తినిరి. కొందరు ప్రాణములే కోల్పోయిరి. నేడు మన తీరమున చెరువుల పనికి, ఓడరేవు పనికి పరరాష్ట్రములనుండి వచ్చినవారు ఎందరో కలరు. వారి భాష మనకు రాదు, మన భాష వారికి రాదు. అనుమానము పుట్టుటకు అంతకంటె ఏమి కావలెను? అనుమానపడుట వేరు, విచారించుట వేరు. మొదటిదానికి ఒక్క క్షణము చాలును. రెండవదానికి ఓపిక కావలెను. ఊరిలో మొదటి రాయి లేవక మునుపే ఠాణాకు కబురు పంపుట, ఆ మనిషిని పంచాయతీ కార్యాలయములో కూర్చుండబెట్టి కాపాడుట మీవంటివారి ధర్మము.

లోపములు లేవా?

ఏ చిత్రమును లోపరహితము కాదు. పాటలు ఎంత మధురమైనవైనను, ఒకటి రెండు చోట్ల ఉత్కంఠ బిగిసియున్న వేళ వచ్చి ముడి సడలించునని చెప్పకతప్పదు. నాటి చిత్రములలో పాటలు లేనిదే ప్రేక్షకుడు సంతృప్తి పడడను భయము అందరికిని ఉండెడిది. కాని ఈ లోపమే విచిత్రముగా చిత్రమును బ్రతికించినది కూడ. పాటలవలననే దాని పేరు నలుబది యేండ్లుగా నోళ్లలో నానుచున్నది. పాట విన్నవాడు ఒకసారి చిత్రమును కూడ పూర్తిగా చూడవలెననియే నా విన్నపము.

మీరు చేయదగినది

గ్రామములో పండుగ సందర్భమున గాని, యువజనుల సమావేశమున గాని ఈ చిత్రమును ప్రదర్శింపదలచినచో హక్కుదారుల అనుమతి ముందుగా పొందుడు. పసిపిల్లలను ఇండ్లలో నిద్రపుచ్చి రమ్మని తల్లులకు చెప్పుడు. భయపెట్టు ఘట్టములు కలవు. మధ్యలో ఒకసారి ఆపి, ‘మీ అనుమానము ఎవరిపైన?’ యని చూచువారిని అడిగి, ఆ పేర్లను ఒక కాగితముపై వ్రాయింపుడు. చివర ఆ కాగితమును విప్పి చదువుడు. ఎందరు పొరబడిరో, ఎందుచేత పొరబడిరో వారే నవ్వుచు చెప్పుకొందురు. ఆ నవ్వు ముగిసిన పిదప, సాక్ష్యము లేక ఒకనిని దోషి యనుట ఎంత సులభమో వేరుగా బోధింప నక్కరలేదు. ఆ తరువాతనే 34వ సెక్షనును, 194వ సెక్షనును చదివి వినిపింపుడు. అప్పుడు చెప్పిన చట్టము చెవినుండి జారిపోదు.

సోదరులారా, సోదరీమణులారా! తెరపైన ఒక కల్పిత కథలో ఒకరిద్దరు నిలబడి ‘నిజముగా పులియేనా?’ యని అడిగిరి. మన ఊళ్లలో అట్లడుగు అధికారమును, బాధ్యతను చట్టము మీకిచ్చినది. గట్టునకు చేరిన శవము తన కథను తాను చెప్పుకొనలేదు. మీరు దగ్గరకు పోయి, వంగి చూచి, కనబడినదానిని కనబడినట్లు వ్రాయించి, అంగీకారమైననే సంతకము చేసినచో, ఆ మౌనమునకు మీరు నోరిచ్చినవారగుదురు.